గలగల వేరు, బరబర వేరు

పర్లాకిమిడి నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. అందులోని విషయం క్లుప్తంగా ఇది.

వాళ్లాయన 2016లో విశాఖపట్నం వెళ్లి ఒక 5.1 హోమ్ థియేటర్ కొని తెచ్చుకున్నారు. పెళ్లయిన కొత్తలో ఇష్టపడి కొన్న మొదటి ఖరీదైన వస్తువు అదే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి పాత ఇంట్లోకి నీళ్లొచ్చి, బాస్, అంటే లోతైన శబ్దాలు మోగించే సబ్ వూఫర్ పెట్టె అడుగున అంగుళం మేర తడిసింది. ఎండబెట్టాక మళ్లీ మోగింది. పోయిన ఏడాది ఒక ఒడియా కుటుంబం ఇంట్లో మేడ మీద వాటాకి మారారు. హాలు 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. టీవీ పక్క మూలలో, గోడకీ ఇనుప బీరువాకీ మధ్య సబ్ వూఫర్ ఇరికించారు. బీరువా మీద అత్తగారి స్టీలు డబ్బాలు.

దసరా సెలవుల్లో ఆరేళ్ల కొడుకు వూఫర్ మధ్యలో ఉన్న గుండ్రటి టోపీని వేలితో నొక్కేశాడు. అది లోపలికి సొట్టపడింది. ఆ తర్వాత కొన్నాళ్లకి సినిమా పెడితే పాడు చప్పుడు రావడం వాళ్లాయన గమనించారు. "ఈ గుంటడే పాడు చేసేశాడు" అని అత్తగారు అన్నారు. ఆయన పిల్లాణ్ణి కొట్టారు. అప్పటినుంచి వాడు హాల్లో టీవీ పెడితే లోపలి గదిలోకి పోతున్నాడట.

ఏరు దాటి పాతపట్నంలో ఒక మెకానిక్‌కి చూపిస్తే, నాలుగు రోజులు ఉంచుకుని, "కాయిల్ పోయింది, వూఫర్ మార్చాలి, 3,800 అవుతుంది" అన్నాడు. కానీ వాళ్ల ముందు ఫోన్లో పాట పెట్టి వినిపిస్తే అక్కడ బాగానే మోగింది. ఇంటికి తెస్తే మళ్లీ అదే గోల. పైగా అతను ఇచ్చిన కవర్లో రెండు స్క్రూలు మిగిలాయి. కింద వాటాలో ఉండే ఇంటి యజమాని, వీళ్లు మౌసా అని పిలిచే పెద్దాయన, మనవరాలికి మెట్రిక్ పరీక్షలు దగ్గర పడ్డాయని రెండుసార్లు మేడ మీదకొచ్చి చెప్పి వెళ్లారు. వాళ్లాయన మొత్తం తీసిపారేసి కొత్త సెట్టు కొందామంటున్నారు. ఈమెకి ఆ ఖర్చు ఇష్టం లేదు. చివర్లో ఒక్క ముక్క రాశారు: "నిజంగా మా బాబు వల్లే పాడయిందా, అది చెప్పండి చాలు."

అమ్మా, ముందు ఆ చివరి ముక్కకే జవాబు చెబుతాను. మీరు రాసిన దాన్నిబట్టి చూస్తే, మీ బాబు వల్ల కాదు.

బాబు నొక్కిన టోపీని డస్ట్ క్యాప్ అంటారు. పేరులోనే ఉంది దాని పని. వెనక కాయిల్, అంటే కోన్‌ని ఊపే తీగచుట్ట, ఉండే సన్నటి సందులోకి దుమ్ము పోకుండా వేసిన మూత అది. సబ్ వూఫర్‌లో శబ్దం పుట్టించేది చుట్టూ గరాటులా ఉన్న పెద్ద కోన్. టోపీ సొట్టపడితే చూడ్డానికి బాగోదు, అంతే. వినికిడిలో తేడా తెలియదు. నేను మైక్ సెట్ల పని నేర్చుకున్న రోజుల్లో పెళ్లిళ్లకి పంపిన బాక్సుల్లో సొట్ట లేని టోపీ ఒక్కటీ ఉండేది కాదు. ఏ పెళ్లిలో అయినా పిల్లలు చేసే మొదటి పని అదే. పెద్దలూ చేస్తారు, ఒప్పుకోరు. రెండే సందర్భాల్లో తేడా వస్తుంది: టోపీ చిరిగి అంచు ఊడినా, కోన్‌ని ఒక పక్కకి గట్టిగా తోసేసి కాయిల్ వంకర తిరిగినా. అది జరిగిందో లేదో తేల్చుకునే పరీక్ష కింద చెబుతాను, రెండు నిమిషాల పని. సొట్ట తీయాలంటే ప్యాకింగ్ టేపు ముక్క అంటించి నెమ్మదిగా బయటికి లాగండి. రాకపోతే వదిలేయండి.

ఇక చప్పుడు సంగతి. గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాష కోసం పట్టుబట్టిన ఊరు మీది. ఆ ఊరి మాటే మీ ఉత్తరంలో సగం పని చేసి పెట్టింది. రెండో పేజీలో మీరు "గలగలమంటోంది" అని రాశారు. మూడో పేజీకి వచ్చేసరికి "సౌండు ముప్పై దాటితే బరబరమని గోనె ఈడ్చినట్టు" అన్నారు. మీ ఆయన, మెకానిక్, అత్తగారు అందరూ దీన్ని ఒకే చప్పుడు అనుకుంటున్నారు. మీరు రెండు మాటలు వాడారు, ఎందుకంటే వినబడుతున్నవి రెండు. వీటిని విడదీయకుండా ఎన్ని వేలు పెట్టినా ఒకటి తగ్గి ఇంకొకటి మిగులుతుంది.

గలగల అనేది గాజు, స్టీలు, రేకు మాట్లాడే భాష. అది పెట్టెలో పుట్టదు. పెట్టె ఊపితే పక్కవి మోగుతాయి. మీ మూలలో ఇనుప బీరువా ఉంది, దాని మీద డబ్బాలున్నాయి, మూతలు వదులుగా ఉంటాయి. ప్రతి వస్తువుకీ తనకి నచ్చిన ఒక కంపనం ఉంటుంది. సరిగ్గా ఆ కంపనం తగిలినప్పుడే అది ఊగుతుంది, మిగతా వేళ ఊరుకుంటుంది. అందుకే వార్తలకి రాదు, సీరియల్‌కి రాదు, పోరాట సన్నివేశంలో ఫలానా గుద్దుకి మాత్రమే వస్తుంది. మెకానిక్ కొట్లో రాకపోవడానికి కారణమూ ఇదే. అక్కడ మీ బీరువా లేదు కదా! ఇంకొక సంగతి. ఫోన్ పాటలో డోలక్, బాస్ గిటార్ చాలావరకు 50, 60 హెర్ట్జ్ (సెకనుకి అన్ని కంపనాలు) పైనే ఉంటాయి. 5.1లో ఆ ".1" అంటే ప్రత్యేకంగా బాస్ కోసమే ఉంచిన దారి. అందులో 120 హెర్ట్జ్ లోపల శబ్దాలే పోతాయి, పేలుళ్లకీ పిడుగులకీ 30, 20 దాకా కూడా దిగుతాయి. పాట పెట్టి సబ్ వూఫర్ పరీక్షించడం అంటే వీధి చివరి వరకు నడిపించి ఎడ్లబండి కొనుక్కోవడం లాంటిది.

బరబర వేరు. అది పెట్టె లోపలి చప్పుడు. దానికి కారణాలు నాలుగైదు ఉండొచ్చు. కాయిల్ పోవడం వాటిలో ఒకటి మాత్రమే. నిజానికి "కాయిల్ పోయింది" అన్న మాటే నాకు నచ్చలేదు. కాయిల్ తెగిపోతే బరబర రాదు, అసలు శబ్దమే రాదు. వంకరపోయి రాసుకుంటోంది అని అతని ఉద్దేశం అయ్యుండొచ్చు. కానీ మీరే ఇంకో మాట రాశారు, యథాలాపంగా: "పెట్టె పక్కన చెయ్యి ఆనించి గట్టిగా నొక్కితే బరబర కాస్త తగ్గుతుంది." అమ్మా, ఆ ఉత్తరం మొత్తంలో విలువైన వాక్యం అది. కాయిల్ రాసుకుంటుంటే పెట్టె పక్కని నొక్కితే తగ్గదు. తగ్గిందంటే పలకో, జాయింటో, వదులు స్క్రూవో నా కళ్ల ముందు కనబడుతున్నాయి. తిత్లీకి అడుగు తడిసిన పెట్టె అది. ఈ పెట్టెలు చాలావరకు చెక్కని సన్నటి పీచు చేసి జిగురుతో అదిమి చేసిన ఎండీఎఫ్ పలకలు. నీళ్లు తాగితే బిస్కెట్లా ఉబ్బుతాయి, ఆరాక మళ్లీ పాత మందానికి రావు, జిగురు వదిలేస్తుంది. అప్పటికి మోగింది కదా అని మీరు అనుకున్నారు. విడిపోవడం మెల్లగా ఏళ్ల తరబడి జరుగుతుంది.

ఇక ఆ రెండు స్క్రూలు. మెకానిక్ పెట్టె తెరిచి మూసినప్పుడు మిగిలినవంటే, వెనక ఎంప్లీఫయర్ పలకవో, వూఫర్ చుట్టూ ఉండేవో. లోపల కోన్ వెనక్కీ ముందుకీ కదులుతుంటే గాలి పీడనం మారుతూ ఉంటుంది. స్క్రూ లేని చోట సన్నటి సందు పడి అక్కడినుంచి గాలి బుసబుసమంటుంది, ఇనుప పలక చెక్కకి తగిలి జిర్రుమంటుంది. అతన్ని తిట్టకండి, చాలామంది దగ్గర మిగులుతాయి. కానీ అవి ఎక్కడివో అడిగి మీ ముందే బిగింపించుకోండి.

ఇప్పుడు పరీక్ష. దీనికి పైసా అవసరం లేదు. ఆదివారం మధ్యాహ్నం, మౌసాగారింట్లో చెప్పి మొదలుపెట్టండి.

ఫోన్లో ఒకే కూతని నిలకడగా వినిపించే టోన్ జనరేటర్ అనే యాప్ ఏదైనా వేసుకోండి, ఉచితంగా చాలా దొరుకుతాయి. ఫోన్‌ని వైరుతోనో బ్లూటూత్‌తోనో సెట్టుకి కలపండి. సౌండు బాగా తగ్గించి 120 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి, ఐదేసి తగ్గించుకుంటూ 30 వరకు రండి. ఒక్కొక్కటి రెండు మూడు సెకన్లు చాలు. నిలకడగా ఒకే కూత ఎక్కువసేపు, ఎక్కువ సౌండుతో పెడితే మంచి కాయిల్ కూడా కాలిపోతుంది. సినిమాలో శబ్దం వచ్చిపోతుంటుంది, ఇది అలా కాదు. 30 కిందికి పోవద్దు. మీ పెట్టెకి వెనకో ముందో గొట్టం లాంటి రంధ్రం ఉండే ఉంటుంది, అలాంటి పెట్టెలు ఒక స్థాయి కింద కోన్‌కి పట్టు ఇవ్వవు. కోన్ విచ్చలవిడిగా ఊగి కాయిల్ వెనక అయస్కాంతం పలకకి తగిలి "డబ్ డబ్" మంటుంది. అది మూడో రకం చప్పుడు. మీకు ఇప్పుడు లేదు, తెచ్చుకోవద్దు.

ఒకరు అంకె మారుస్తుంటే, ఇంకొకరు గదిలో తిరుగుతూ ఏది మోగుతోందో చెయ్యి పెట్టి పట్టుకోవాలి. బీరువా తలుపు, డబ్బాలు, కిటికీ అద్దం, గోడ మీద దేవుడి పటాలు, ఏసీ ఉంటే దాని మూత, ట్యూబ్ లైట్ పట్టీ. చెయ్యి పెట్టగానే ఆగిందంటే దొంగ దొరికినట్టే. మీ హాలుకి నేను ముందే ఒక అంకె చెప్పగలను. 12 అడుగుల పొడవులో శబ్దం గోడకి కొట్టుకుని తిరిగి తనమీదే పడి బలపడేది సుమారు 47 హెర్ట్జ్ దగ్గర, 10 అడుగుల వెడల్పుకి 56 దగ్గర. ఆ రెండు చోట్లా మీ గది మామూలు కన్నా ఎక్కువ గోల చేస్తుంది. అది ఏ కంపెనీ సబ్ వూఫర్ అయినా అంతే. ఈ పని పిల్లాడికి ఇవ్వమని నా సలహా. ఆరేళ్ల చెవి మన చెవి కన్నా చురుకు, బీరువా వెనక సందులో దూరగలిగేది కూడా వాడే.

గలగల సంగతి తేలాక, పెట్టెని మూలనుంచి లాగి హాలు మధ్యలో, వేటికీ తగలకుండా పెట్టండి. అప్పుడూ బరబర వస్తే అది పెట్టెదే. ముందర గుడ్డ తొడుగు ఉంటే తీసేసి మళ్లీ వినండి, చాలాసార్లు ఆ తొడుగు ఫ్రేమే వదులై కొట్టుకుంటుంది. తర్వాత పక్కలు, అడుగు, వెనక పలక ఒక్కొక్కటీ అరచేత్తో నొక్కి చూడండి. ఎక్కడ నొక్కితే పూర్తిగా ఆగిందో అక్కడ చాక్‌పీసుతో గీత గీయండి. గొట్టంలోకి టార్చి వేసి చూడటం మర్చిపోవద్దు. మా వైపు ఒక పెట్టెలో కందిరీగ మట్టి గూడు దొరికింది. ఇంకోదాంట్లో ఎండిన బల్లి. దానికి వాళ్లు వెయ్యి రూపాయలు ఖర్చుపెట్టాక తెలిసింది.

ఇక మీ బాబు మీద కేసు కొట్టేసే పరీక్ష. ప్లగ్గు పూర్తిగా తీసేయండి. టోపీకి అటూ ఇటూ, కోన్ మీద, రెండు చేతుల వేళ్లు సమాన దూరంలో ఆనించి, నెమ్మదిగా లోపలికి నెట్టి వదలండి. మెత్తగా, నిశ్శబ్దంగా వెళ్లి వచ్చిందా, కాయిల్ బాగున్నట్టు. ఇసుక మీద చెప్పు రాసినట్టు చేతికి గరుకుగా తగిలిందా, కాయిల్ రాసుకుంటోంది. ఆ సందు ఇరుపక్కలా మిల్లీమీటరులో కొంత భాగమే, తుప్పు రేణువు పడినా చాలు. ఒక వైపే నొక్కితే మంచి వూఫర్ కూడా గీసుకుంటుంది, అందుకే సమానంగా అన్నాను. అప్పుడే కోన్ అంచున ఉన్న మెత్తటి వలయం కూడా చూడండి. రబ్బరైతే భయం లేదు. నురుగు లాంటి ఫోమ్ అయితే మన తేమ గాలికి పది పన్నెండేళ్లలో పొడి రాలడం మొదలవుతుంది, దాని చిరుగు కూడా బరబరమంటుంది.

మల్టీమీటరు ఉన్నవాళ్లెవరైనా తెలిసి ఉంటే, వూఫర్ వైర్లు ఎంప్లీఫయర్ నుంచి విడదీసి కొలిపించండి. 4 ఓమ్‌లని (కరెంటుకి కాయిల్ ఇచ్చే అడ్డు కొలత) రాసిన వూఫర్‌కి మూడుంపావు, మూడున్నర దరిదాపు చూపిస్తే కాయిల్ ఆరోగ్యంగా ఉన్నట్టు. 8 ఓమ్‌లదైతే ఆరు దరిదాపు. ఏమీ చూపించకపోతే తెగింది. మీరు మాత్రం వెనక ఎంప్లీఫయర్ పలక విప్పొద్దు. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు కొంతసేపు నిలవ ఉంటుంది.

ఇంకా ఒకటుంది, దాని గురించి మీ ఆయన బాధపడతారేమో. వెనక బాస్ నాబ్ చివరిదాకా తిప్పి ఉందనీ, టీవీలో కూడా బాస్ బూస్ట్ పెట్టారనీ రాశారు. పెట్టె మీద పీఎంపీవో అని వేలల్లో వాట్లు రాస్తారు. అది అమ్మకానికి రాసిన అంకె, నిలకడగా ఇవ్వగలిగేది ఆర్ఎమ్ఎస్ అని రాసిన చిన్న అంకె. ఎంప్లీఫయర్‌కి ఉన్న సత్తా దాటి అడిగితే, శబ్ద తరంగం శిఖరాన్ని కత్తిరించినట్టు చదును చేసి పంపుతుంది. చెవికి అది బరబరలాగే ఉంటుంది. మెకానిక్ కొట్లో నాబ్ సగంలో ఉండి ఉంటుంది, అక్కడ బాగా మోగడానికి ఇదీ ఒక కారణమే కావొచ్చు. బాస్‌ని 10 డెసిబెల్స్ పెంచమంటే పదిరెట్లు శక్తి అడిగినట్టు లెక్క. 60 వాట్ల ఎంప్లీఫయర్‌ని 600 అడుగుతున్నాం. కాబట్టి టీవీలో బూస్ట్ తీసేసి, నాబ్ సగానికి తెచ్చి, అదే సినిమాలో అదే సీను పెట్టి వినండి. ఆ ఒక్కదానితో బరబర పోతే మిగతా సంగతులన్నీ ఒక వారం వాయిదా వేయొచ్చు.

కేబుల్ బాక్సు పెట్టినప్పుడు సన్నగా గుయ్‌మంటుందని చివర్లో రాశారు. అది ఈ రెండింటికీ సంబంధం లేని కరెంటు మూలుగు. కేబుల్ వైరు పీకినప్పుడు ఆగిపోతే ఎర్తింగ్ తేడా, కేబుల్ అబ్బాయికి చెప్పండి. పీకినా ఆగకపోతే ఎంప్లీఫయర్‌లో కెపాసిటర్ ముసలిదై ఉండొచ్చు, చిన్న ఖర్చు.

మౌసాగారి విషయం ఇంతకన్నా కష్టం. ఎందుకంటే మీ సబ్ వూఫర్ పూర్తిగా బాగైతే ఆయన బాధ తగ్గదు, పెరుగుతుంది. 40 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు దాదాపు 28 అడుగులు, మీ హాలుకి రెండింతల పైన. దాన్ని తలుపు వేసి ఆపలేరు, కర్టెన్ వేసి ఆపలేరు. స్లాబ్ గుండా దిగిపోతుంది. మాటలు, పాటలు ఆయనకి వినబడవు, దబ్‌దబ్ మాత్రమే వినబడుతుంది. కారణం తెలియని చప్పుడు మనిషిని ఎక్కువ చికాకు పెడుతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి, రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు వరకు. చట్టం మాట ఎత్తి మీరూ ఆయనా మాట్లాడుకునే పరిస్థితి రాకూడదు. పైగా ఆ కొలిచే పద్ధతి మనిషి చెవిని అనుకరించి బాస్‌ని బాగా తక్కువ చేసి లెక్కిస్తుంది, 50 హెర్ట్జ్ దగ్గర 30 డెసిబెల్స్ తగ్గించేస్తుంది. మీటరు ఏమీ లేదన్నా ఆయన మంచం వణుకుతూనే ఉంటుంది.

ఇక్కడ మీకు మూడు దారులున్నాయి. పెట్టెని మూలనుంచి తీసి గోడకి రెండడుగుల దూరంలో, కింద మందపాటి ఫోమ్ ముక్క, దాని మీద ఒక బండ పలక వేసి పెట్టడం మొదటిది. మూల ఉంటే రెండు గోడలూ నేలా కలిసి బాస్‌ని పెంచుతాయి, బయటికి తీస్తే తగ్గుతుంది. కానీ మీ హాలు చిన్నది, నడిచేవాళ్ల కాలికి తగులుతుంది, మీ అత్తగారు ఒక నెల గొణుగుతారు. రెండోది నైట్ మోడ్. చాలా సెట్లలో, టీవీల్లో కూడా ఉంటుంది, పేలుళ్లని తగ్గించి మాటల్ని పెంచుతుంది. సినిమా చప్పగా అనిపిస్తుంది, కానీ పది తర్వాత ఎవరికీ ఇబ్బంది ఉండదు. మూడోది, ఆయన మనవరాలి పరీక్షలు అయ్యేవరకు బాస్ నాబ్ సున్నాకి తెచ్చి సబ్ వూఫర్ ఆపేయడం. మిగతా ఐదు స్పీకర్లతో నడుస్తుంది. మీ ఆయన ఒప్పుకోవడం కష్టమే. కానీ తనంతట తానే కిందికి వెళ్లి, "పరీక్షలయ్యేదాకా బంద్ చేశాం మౌసా" అని ఒక మాట చెబితే, ఆ తర్వాత ఏడాది పొడవునా ఆదివారం మధ్యాహ్నాలు ఆయన నోరెత్తరు. ఇది నా అనుభవంలో చూసినది, టెక్నికల్ విషయం కాదు.

ఇప్పుడు కొత్త సెట్టా, రిపేరా అన్న గొడవ. పరీక్షల్లో ఏం తేలిందన్నదాన్ని బట్టి ఉంటుంది.

గలగల ఒక్కటే మిగిలి, నాబ్ తగ్గించాక బరబర పోతే, ఖర్చు ఏమీ లేదు. డబ్బాల మూతల కింద పాత గుడ్డ, బీరువా తలుపు సందులో ఫోమ్ పట్టీ, పటాల వెనక చిన్న రబ్బరు బిళ్లలు. మీ ఆయనకి మొదట్లో బాస్ తగ్గినట్టు అనిపిస్తుంది. నిజంగానే తగ్గించాం. రెండు వారాల్లో చెవి అలవాటు పడుతుంది.

పెట్టె పలకే దోషి అని తేలితే వడ్రంగి చాలు, మెకానిక్ వద్దు. విడిన జాయింటులో చెక్క జిగురు పోసి, తాళ్లతో బిగించి ఒక రోజు ఆరనిచ్చి, లోపలి మూలల్లో చిన్న కొయ్య దిమ్మలు అంటించి, వూఫర్ అంచు చుట్టూ సన్నటి ఫోమ్ టేపు వేసి, స్క్రూలన్నీ వేయాలి. అడుగు పలక మరీ ఉబ్బి పొట్టు రాలుతుంటే దాన్ని ప్లైవుడ్‌తో మార్చాలి. మొత్తం కొత్త పెట్టె చేయిస్తానని వడ్రంగి ఉత్సాహపడితే ఒక్కటే షరతు పెట్టండి: లోపలి కొలతలు, గొట్టం పొడవు, వెడల్పు పాతవే ఉండాలి. పెట్టె పెద్దది చేస్తే బాస్ ఎక్కువ వస్తుందని అనుకుంటారు. అలా రాదు, ఆ కొలతలు మారితే పెట్టె స్వరమే మారిపోతుంది.

కోన్ నొక్కితే గరుకు తగిలితేనే 3,800 గురించి ఆలోచించండి. అప్పుడు కూడా, కొత్త వూఫర్ ఓమ్‌లు పాతదానితో సమానం కావాలి, అంగుళాలు ఒక్కటే చూసి కొనకూడదు. రీకోనింగ్ అని ఇంకో దారి ఉంది: అయస్కాంతం, ఫ్రేము ఉంచి కోన్, కాయిల్ మాత్రమే మార్చడం. మైక్ సెట్ల స్పీకర్లకి ఇది మామూలు పని, బరంపురంలోనో శ్రీకాకుళంలోనో పాత చేతివాటం ఉన్నవాళ్లని విచారించండి. బాగా చేస్తే పదేళ్లు నడుస్తుంది. హడావిడిగా చేస్తే కాయిల్ మధ్యలో కూర్చోక మళ్లీ రాసుకుంటుంది. అందుకే ఇంటికి తెచ్చేముందు అక్కడే కోన్ నొక్కి చూడండి. అయితే పెట్టె చివికిపోయి, కాయిల్ కూడా పోయిన పక్షంలో రెండింటి మీదా డబ్బు పోయకండి. అప్పుడు మీ ఆయన మాటే సరి, కొత్తది కొనుక్కోవచ్చు.

కానీ ఈ పరీక్షలు చేయకుండా కొత్తది కొంటే జరిగేది ఇది. అదే మూల, అదే బీరువా, అవే డబ్బాలు, అదే చివరిదాకా తిప్పిన నాబ్. మొదటి సినిమాకే గలగల మొదలవుతుంది. అప్పుడు అనుమానించడానికి ఇంట్లో పిల్లాడు తప్ప ఎవరూ ఉండరు.

మీ ఆయనతో ఎలా మాట్లాడాలి అని అడగలేదు మీరు, అయినా చెబుతున్నాను. "మీదే తప్పు, నాబ్ తిప్పింది మీరే" అని ఉత్తరం చూపించొద్దు. ఆయన ఇష్టపడి కొన్న వస్తువు మొరాయించిన కోపం పిల్లాడి మీద పోయింది. టోన్ యాప్ పని ఆయనకే అప్పజెప్పండి, ఇలాంటి పని మగవాళ్లకి ఇష్టం. ఆయన ఫోన్లో అంకెలు తగ్గిస్తుంటే బాబు గది చుట్టూ తిరిగి చప్పుళ్లు పట్టుకుంటాడు. బీరువా మీద డబ్బా చెయ్యి పెట్టగానే ఆగినప్పుడు మీరెవరూ ఏమీ విడమర్చి చెప్పక్కర్లేదు. ఆయన బాబుతో "నీ వల్ల కాదురా" అని నోటితో అనాలి. అది మాత్రం మీరు అడగండి, పిల్లాడు లేనప్పుడు. అత్తగారి డబ్బాల సంగతి నేను కలగజేసుకోను.

ఏ అంకె దగ్గర ఏది మోగిందో కాగితం మీద రాసి పంపండి. కోన్ నొక్కినప్పుడు చేతికి ఎలా తగిలిందో, ఆ రెండు స్క్రూలు ఎక్కడివో కూడా.